చెట్టులేని మైదానము మీదుగా

రైళ్లును, బస్సులును పల్లెలకు రాకపూర్వము మనవారు తీర్థములకును, తిరునాళ్లకును గూడుబండ్లు కట్టుకొని పోవుచుండెడివారు. బండిలో గడ్డి పరచి, పైన బొంత వేసి, పిల్లలను కూర్చుండబెట్టి, ఇరుసు క్రింద లాంతరు వ్రేలాడగట్టి, బియ్యపుమూట, చింతపండు, ఉప్పు, మిరపకాయలు, ఒక బిందె, రెండు గిన్నెలు సర్దుకొని బయలుదేరుట, ప్రొద్దెక్కినచోట మామిడితోపులో బండి విడిచి మూడు రాళ్లు పెట్టి వండుకొనుట పరిపాటి. నేడు క్యాంపర్‌వ్యాను అని పిలువబడు వాహనము ఆ గూడుబండికి దూరపు చుట్టమే. ఎద్దులకు మారు డీజిలు యంత్రము, రాళ్లపొయ్యికి మారు గ్యాసు పొయ్యి, బిందెకు మారు అడుగున బిగించిన నీటితొట్టి. అయితే గూడుబండి నడచిన దారిలో ఊరికొక చెరువుండెను. చెరువు లేనిచోట బావియో, పుణ్యాత్ములు కట్టించిన సత్రమో ఉండెను. క్యాంపర్‌వ్యానులు పోవు కొన్ని దారులలో అట్టివేవియు లేవు. అందులకే ఆ బండిని గూర్చి చెప్పునప్పుడు దారిని గూర్చి కూడ చెప్పక తప్పదు.

మేము పోయినది ఆస్ట్రేలియా ఖండపు దక్షిణపుటంచున. పశ్చిమతీరమునందలి పెర్తు నగరమున బయలుదేరి, నైరుతిమూలనున్న మహారణ్యములను చూచుకొని, ఎస్పెరెన్సు రేవు మీదుగా నార్స్‌మన్ అను చిన్న ఊరు చేరి, అచ్చటనుండి తూర్పునకు ఐర్ హైవేపై పోర్ట్ ఆగస్టా వరకు పోతిమి. మొత్తము ఇంచుమించు 3,000 కిలోమీటర్లు. ఇందులో ఐర్ హైవే ఒక్కటే 1,660 కిలోమీటర్లకు పైబడి యున్నది. చెన్నైనుండి కోల్‌కతాకు పోవు దూరమెంతయో, అంతయే. ఆ మన దారిలో నెల్లూరు, ఒంగోలు, విజయవాడ, రాజమహేంద్రవరము, విశాఖపట్టణము, శ్రీకాకుళము తగులును; వీని నడుమ తగులు పల్లెలకు లెక్కయే లేదు. నార్స్‌మన్‌కును సెడ్యూనాకును మధ్యగల 1,200 కిలోమీటర్లలో పట్టణమని చెప్పదగినది ఒక్కటియు లేదు. ఉన్నవి రోడ్‌హౌసులు. అనగా ఒక పెట్రోలు బంకు, ఒక వంటశాల, రాత్రి పండుకొనుటకు కొన్ని గదులు, విద్యుత్తుకు సొంత జనరేటరు. వాటి నడుమ దూరము కొన్నిచోట్ల 190 కిలోమీటర్ల వరకు నుండును.

ముందుగా బండి సంగతి చెప్పెదము. పైకప్పు ఎత్తుగా నున్న వ్యానులో వెనుకభాగమున రెండు బల్లలుండును. పగలు అవి కూర్చుండుటకు. రాత్రి నడుమ ఒక పలక దించి పరుపులు పరచినచో మంచము. ఒకప్రక్క రెండు పొయ్యిలు, చేతులు కడుగుకొను చిన్న తొట్టి, రిఫ్రిజిరేటరు. ఇట్టి బండిలో రెండు బ్యాటరీలుండును. ఒకటి యంత్రమును నడిపించుటకు, రెండవది దీపములకును రిఫ్రిజిరేటరుకును. యంత్రము నడచుచున్నంతసేపు రెండును కలిసి విద్యుత్తును నింపుకొనును, నిలిపినంతనే విడిపోవును. ఈ ఏర్పాటు లేనిచో రాత్రియంతయు దీపము వెలిగించుకొన్నవాడు తెల్లవారి బండి కదలక అడవిలో కూర్చుండవలసినదే. గ్యాసు సిలిండరును ఉంచు అరకు అడుగుభాగమున రంధ్రముండును. వంటగ్యాసు గాలికన్న బరువైనది కావున కారినచో క్రిందికి దిగి బయటికి పోవలెనని ఆ ఏర్పాటు. చలికి వెరచి కిటికీలన్నియు మూసి పొయ్యిని కుంపటివలె వెలిగించుకొనుట మాత్రము ప్రాణాంతకము. చాలినంత గాలి లేనిచోట మండు పొయ్యినుండి వెలువడు కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. నిద్రించువానికి మెలకువ కూడ రానీయదు. బండిని అద్దెకిచ్చువారు వందవిషయములు చెప్పుదురు. వానిలో ఈ ఒక్కటి మరువరానిది.

మా నీటితొట్టిలో 80 లీటర్లు పట్టును. నలుగురికి అది ఎన్నాళ్లు వచ్చునన్నది వండు విధమునుబట్టి, కడుగు విధమునుబట్టి యుండును. పెర్తులో మాకు ఆతిథ్యమిచ్చిన వదినగారు, "నీళ్లు ఆదా చేయవలెనన్న ముందు గిన్నెలు తగ్గించండి వదినా, తక్కినది దానంతట అదే కుదురును" అని మా ఇంటియామెకు ఉపదేశించి, తమ ఇంటి ప్రెషరు కుక్కరును చేతిలో పెట్టిరి. అది గొప్ప మేలైనది. అన్నము, పప్పు, కూర ఒక్కసారే ఒక్కపొయ్యిపై ఉడుకును. నీరు, గ్యాసు రెండును కలిసివచ్చును. గిన్నెలను ముందు కాగితముతో తుడిచి పిదప గ్లాసెడు నీటితో కడుగుట అలవాటు చేసికొంటిమి. 2021 జనాభా లెక్కల ప్రకారము ఆస్ట్రేలియాలో ఇంటిభాష తెలుగైనవారు 59 వేలకు పైగా నుండిరి. కావున పెర్తులోని దుకాణములలో కందిపప్పు, చింతపండు, ఆవకాయ, అప్పడములు దొరకుటలో వింత లేదు. నగరము దాటినపిమ్మట అవి దొరకవు.

నైరుతిమూలనున్న అడవులను గూర్చి కొంత నిలిచి చెప్పవలెను. అచ్చట ముఖ్యవృక్షములు జారా, కారీ, టింగిల్. మూడును యూకలిప్టసు కుటుంబమునకు చెందినవే. మనవారు యూకలిప్టసు అనగానే రోడ్లప్రక్కన సన్నగా పెరుగు నీలగిరిచెట్టును తలంతురు. కారీ వృక్షము 80 మీటర్లకు మించి పెరుగును. మొదలునుండి చాలదూరము కొమ్మయే లేక, నున్నని తెల్లని బెరడుతో, సున్నము కొట్టిన ధ్వజస్తంభమువలె నిలిచియుండును. టింగిల్ చెట్టు అంత ఎత్తు పోదు కాని దాని మొదలు మిక్కిలి లావు. అగ్ని లోపలిభాగమును దహించివేసినను పైచెట్టు బ్రతికియే యుండును. వాల్పోల్ సమీపమున 1996లో ఈ చెట్ల నడుమ నేలకు 40 మీటర్ల ఎత్తున ఇనుపవంతెన కట్టిరి. మనుష్యుల పాదములు వేళ్లచుట్టునున్న మట్టిని అదిమివేసి చెట్లను చంపుచున్నవని గ్రహించిన తరువాత చేసిన పని యిది. దానిపై నడచునప్పుడు చిలుకలు మన పాదములక్రింద ఎగురును.

పెంబర్టన్ దగ్గర కారీచెట్లనే కావలి గోపురములుగా వాడిరి. 1930వ దశకము చివరనుండి చెట్టుచుట్టును ఇనుపమేకులు మెట్లుగా దిగగొట్టి, శిఖరమున చిన్న గది కట్టి, వేసవిలో ఒక మనిషిని కూర్చుండబెట్టి, ఎచ్చట పొగ లేచినను కనిపెట్టునట్లు చేసిరి. 1947లో ఏర్పరచిన గ్లాస్టర్ చెట్టు వానిలో ప్రసిద్ధము. మేము దానిని క్రిందనుండియే చూచి తృప్తిపడితిమి. విమానములు వచ్చినపిమ్మట ఆ కాపలా ఆగిపోయినది.

ఈ అడవికి గొడ్డలి ఒక శత్రువు. స్థానికారణ్యములలో వ్యాపారముకొరకు చెట్లు కొట్టుటను పశ్చిమ ఆస్ట్రేలియా ప్రభుత్వము 2024 ఆరంభమునుండి నిలిపివేసినది. రెండవ శత్రువు కంటికి కనబడదు. ఫైటాఫ్తొరా అను సూక్ష్మజీవి వేళ్లను కుళ్లించి జారా చెట్లను, వాటి నీడలో పెరుగు నానావిధములైన పూలమొక్కలను చంపును. అది మట్టితో ప్రయాణము చేయును. టైరుకు అంటిన బురద, చెప్పుకు అంటిన బురద దానికి వాహనములు. అందుచేత అడవిత్రోవల ముఖద్వారములయొద్ద చెప్పులు రుద్దుకొనుటకు కుచ్చులును, మందునీళ్లును ఉంచుదురు. ఇల్లు కట్టుకొని తిరుగువాడు ఇంత మట్టిని ఒక అడవినుండి మరొక అడవికి మోయగలడు కదా! మేము ప్రతి మకామునుండియు కదలుటకు ముందు చక్రములను కర్రతో గీకి, కుచ్చుతో తుడుచుచుంటిమి. పిల్లలకు అది ఆటయైనది.

అడవిలో వంటను గూర్చి చాలమందికి ఒక ఊహ కలదు: చితుకులేరి మంట వేసి చుట్టును కూర్చుండుట. వేసవిలో ఆ దేశమున చాలచోట్ల అది నేరము. ఎండయు, గాలియు తీవ్రముగానున్న దినములలో పూర్తి నిషేధమును ప్రకటింతురు; ప్రకటన రేడియోలో వచ్చును. చలికాలమున అనుమతించిన చోట్ల మాత్రము ఇటుకలతో కట్టిన పొయ్యిలుండును. ఒకచోట పశువులమందలవెంట దేశమెల్ల తిరిగి వృద్ధుడైన ఒకాయన మాకు 'డ్యాంపర్' చేసి పెట్టెను. గోధుమపిండి, ఉప్పు, నీరు కలిపి ముద్దచేసి, మూతగల ఇనుపపాత్రలో పెట్టి, పాత్రను నిప్పులలో కప్పివేయుదురు. అరగంటకు పైన పెళుసుగా, లోపల మెత్తగా రొట్టె సిద్ధము. ఆయన దానిపై పాకము పోసికొనెను; మేము ఆవకాయ పెట్టుకొంటిమి. ఆయన మా ఆవకాయను కొంచెము నాలుకకు తగిలించుకొని, చాలసేపు మాటలాడక, మరికొంచెము అడిగెను.

నార్స్‌మన్ చుట్టునున్న అడవి వేరుజాతిది. గ్రేట్ వెస్టర్న్ వుడ్‌లాండ్స్ అని పిలువబడు ఆ వనము వైశాల్యము ఒక కోటి అరువదిలక్షల హెక్టార్లు. ఇంచుమించు నేటి ఆంధ్రప్రదేశ్ అంత. సమశీతోష్ణ మండలమున మిగిలిన వనములలో ఇంత పెద్దది మరొకటి లేదందురు. అచ్చట కురియు వాన అనంతపురములో కురియు వానలో సగము. ఆ కొద్దివానతోనే రాగిరంగు బెరడుగల సాల్మన్‌గమ్ వృక్షములు ఇరువది మీటర్లకు పైగా ఎదిగి, నూనె రాచినట్లు మెరయుచు నిలిచియుండును. నీరు లేనిచోట పొదలేగాని చెట్లుండవనుకొను మాబోటివారికి అది పాఠము. ఆ వనములు నిప్పంటుకొన్నచో ఆర్పుట మానవసాధ్యము కాదు. 2007 డిసెంబరు 30న బూరాబిన్ ప్రాంతమున రహదారిపై మంటలలో చిక్కి ముగ్గురు లారీడ్రైవర్లు మరణించిరి. 2019 డిసెంబరు చివర చెలరేగిన మంటలవలన ఐర్ హైవే పదిదినములకు మించి మూతపడి, ప్రయాణికులు నార్స్‌మన్‌లోను, రోడ్‌హౌసులలోను నిలిచిపోయిరి. మరియొక దారి లేదు. కావున దారి మూసిరని విన్నవెంటనే ఉన్నచోటనే ఆగుట ఒక్కటియే మార్గము.

నార్స్‌మన్‌లో తొట్టి నిండ నీరు, ట్యాంకు నిండ డీజిలు, వేరుగా మరి 40 లీటర్ల మంచినీరు డబ్బాలలో నింపుకొని కదలితిమి. దారిపొడవున రోడ్‌హౌసులలో నీరు ఉచితముగా దొరకదు. అచ్చటివారు వాననీటిని పట్టుకొనియో, ఉప్పునీటిని శుద్ధిచేసియో వాడుకొందురు. అడిగి విసిగించుట న్యాయము కాదు. బలడోనియా దాటినపిమ్మట దారి 146 కిలోమీటర్లు సూటిగా పోవును. ఒక్క వంపు లేదు. అట్టి దారి సుఖమనుకొనుట సహజము. నిజమునకు ఆ సూటిదనమే ప్రమాదము. చేతులకు పని లేదు, కన్నులకు మార్పు లేదు. మెలకువగా నున్నట్లే యుండి మనస్సు నిద్రించును. రెండు గంటలకొకమారు ఆగి, దిగి, నడచి, టీ కాచుకొని త్రాగవలెనని మేము నియమము పెట్టుకొంటిమి. నిద్ర వచ్చుచున్నదా లేదా అని ఎవరిని అడుగలేదు. గడియారమును చూచి ఆపితిమి.

సంధ్యవేళల బండి నడుపరాదు. కంగారూలు, ఎమూ పక్షులు, వొంబాట్‌లు, ఒంటెలు ఆ వేళలయందే దారిపైకి వచ్చును. ఒంటె అచ్చటి జంతువు కాదు. పందొమ్మిదవ శతాబ్దిలో ఎడారులు దాటుటకు ఆఫ్ఘనిస్థానమునుండియు, నాటి హిందూదేశపు వాయవ్యభాగమునుండియు ఒంటెలను, వాటిని తోలువారిని తెప్పించిరి. మోటార్లు వచ్చి ఒంటెలతో పని తీరగానే విడిచివేసిరి; అవి అడవిబారిపడి పెరిగినవి. ఇక రోడ్‌ట్రెయిను అను లారీ: ఒక యంత్రము వెనుక రెండుమూడు పెట్టెలు. పశ్చిమ ఆస్ట్రేలియాలో 50 మీటర్లకు మించిన పొడవుగలవి కూడ తిరుగును. దానిని దాటుటకు కిలోమీటరుకు మించిన ఖాళీదారి ఎదుట కనబడవలెను. ఎదురుగా వచ్చినప్పుడు దాని గాలితాకిడికి మన బండి ఊగును.

ఈ దారిపై టెలిఫోను చాలచోట్ల పనిచేయదు. రేడియో పనిచేయును. లారీలవారు నలుబదవ చానెలుపై మాటలాడుకొందురు. అట్టి చిన్న రేడియోసెట్టు మా బండిలో కూడ నుండెను. "వెనుక తెల్లవ్యాను, ఎదుట దారి ఖాళీ, రావచ్చును" అని ముందు పోవు లారీవాడు చెప్పునప్పుడు కలుగు ధైర్యము ఇంతయని చెప్పజాలము. రేడియోకును ఆ దేశపు నిర్జనప్రాంతములకును గల బంధము పాతది. 1928లో జాన్ ఫ్లిన్ అను మతాచార్యుని పూనికవలన క్వీన్స్‌లాండులోని క్లాన్‌కర్రీ ఊరిలో విమానవైద్యము ఆరంభమైనది. డాక్టరు విమానములో రాగలడు సరే, అతనికి కబురెట్లు? ఇండ్లలో విద్యుత్తు లేదు. 1929లో ఆల్‌ఫ్రెడ్ ట్రేగర్ అను ఇంజనీరు కాళ్లతో తొక్కి విద్యుత్తు పుట్టించుకొను వార్తాయంత్రమును నిర్మించెను. సైకిలు తొక్కినట్లు తొక్కుచు వందలమైళ్ల దూరమునకు సందేశము పంపవచ్చును. 1951లో ఆలిస్ స్ప్రింగ్స్‌నుండి రేడియోద్వారా బడిపాఠములు చెప్పుట కూడ మొదలిడిరి. నేడు ఐర్ హైవేపైననే కొన్నిచోట్ల దారి వెడల్పుచేసి, తెల్లని చారలు గీసి, వైద్యవిమానము దిగుటకు ఏర్పాటు చేసియున్నారు. విమానము దిగు రోడ్డుపై మన బండి పోవుచున్నదని బోర్డు చూచినప్పుడు పిల్లలు ఆకాశమువంక చూచుచు కూర్చుండిరి.

కాయిగూనా దాటినచో గడియారమును 45 నిమిషములు ముందునకు త్రిప్పుకొనవలెను. ఆ కొద్ది జనులు తమలో తాము ఏర్పరచుకొన్న కాలమది, ప్రభుత్వశాసనము కాదు.

నల్లార్‌బర్ అనగా లాటిను భాషలో 'చెట్టులేనిది' అని అర్థము. రెండులక్షల చదరపు కిలోమీటర్ల సున్నపురాతి పలక. వాన కురిసినను నీరు రాతిలోనికి ఇంకి గుహలలోనికి పోవునేగాని ఏరై పారదు. దానిని మొదట దాటిన తెల్లవాడు ఎడ్వర్డ్ జాన్ ఐర్. 1841 ఫిబ్రవరిలో ఫౌలర్స్ బే నుండి బయలుదేరిన అతనితో బాక్‌స్టరు అను మేస్త్రియు, ముగ్గురు ఆదివాసి యువకులును ఉండిరి. తీరమునందలి ఆదివాసులు ఇసుకతిన్నెలలో ఎచ్చట త్రవ్వినచో మంచినీరు ఊరునో చూపిరి. మన ఏటి ఒడ్డున త్రవ్వు చెలమలవంటివే. ఏప్రిలు చివర బాక్‌స్టరు హత్యకు గురియయ్యెను. ఇద్దరు యువకులు సామగ్రితో పారిపోయిరి. ఐర్‌తో మిగిలినవాడు వైలీ ఒక్కడే. ఆకలిచే క్రుంగిన వారిద్దరికి ఎస్పెరెన్సు సమీపమున లంగరు వేసిన ఒక తిమింగిలముల వేటయోడ ఆహారమిచ్చినది. జూలైలో ఆల్బనీ చేరిరి. వైలీకి అది స్వగ్రామము. దారికి ఐర్ పేరు పెట్టిరి. చెలమలు చూపినవారి పేర్లు ఆ దారికి పెట్టలేదు.

యూక్లాలో 1877లో తెరచిన తంతి కార్యాలయపు రాతిగోడలు నేడు ఇసుకలో సగము పూడియున్నవి. కుందేళ్లు పెరిగి తిన్నెలను పట్టియుంచు పచ్చికనంతయు మేసివేయుటచే ఇసుక కదలి ఊరినే మ్రింగినది. అచ్చటనుండి తూర్పుగా భూమి హఠాత్తుగా తెగిపోయి, 60 నుండి 120 మీటర్ల ఎత్తుగల కొండగోడలై సముద్రమున దిగును. జూన్ నుండి అక్టోబరు వరకు దక్షిణసముద్రపు తిమింగిలములు ఆ గోడలక్రింద ఈనుటకు వచ్చును. మేము పోయినది ఆగస్టునందు. తల్లియు పిల్లయు ప్రక్కప్రక్కన తేలుచుండగా రెండుగంటలు చూచితిమి. గాలి మాత్రము నిలువనీయదు. కొంగులు, టోపీలు జాగ్రత్త.

యలాటా దగ్గర దారి ఆదివాసుల భూమిగుండ పోవును. రోడ్డు దిగి లోపలికి పోవుటకు అనుమతి కావలెను. కొందరు ప్రయాణికులు దీనికి సణుగుట వింటిమి. ఆ భూమి కథ తెలిసినవారు సణుగరు. ఉత్తరమున ఊల్డియా నీటిబుగ్గ నాశ్రయించి బ్రతికిన జనులను, అచ్చటి క్రైస్తవ మిషను 1952లో మూతపడగా, దక్షిణమునకు యలాటాకు తరలించిరి. పిమ్మట 1956, 1957 సంవత్సరములలో బ్రిటిషువారు మరలింగా అనుచోట ఏడు అణ్వాయుధములను ప్రేల్చి పరీక్షించిరి. విషధూళి నిండిన ఆ నేలను గూర్చి 1984-85లో రాయల్ కమిషను విచారణ జరిపినది. శుద్ధిచేసి, చివరి భాగమును దాని వారసులకు అప్పగించుటకు 2009 వరకు పట్టినది. హైవేనుండి అదేమియు కనబడదు. నీలపుపొదలు, ఆకాశము, అంతే.

సెడ్యూనాలో తనిఖీ. పండ్లఈగ తమ తోటలలోనికి రాకుండుటకై దక్షిణ ఆస్ట్రేలియావారు పశ్చిమమునుండి వచ్చు ప్రతిబండిని ఆపి, పచ్చికూరలను, పండ్లను తీసివేయుదురు. ఎదురుదిశలో పోవువారిని సరిహద్దునందే ఆపి, తేనె, గింజలు, మొక్కలు కూడ తీసికొందురు. ఈ సంగతి తెలిసిన ప్రయాణికులు ముందురాత్రియే ఉన్న కూరగాయలన్నియు వండివేయుదురు. మా చివరి మకామున అట్లే జరిగినది. వంకాయలు, బంగాళాదుంపలు, గుమ్మడికాయ, టమాటాలు కలిసి పెద్ద పులుసైనవి. నారింజపండ్లను పిల్లలకు పంచితిమి. వదినగారు తమ పెరటినుండి కోసి యిచ్చిన కరివేపాకు మిగిలియున్నది. దానిని ఎండుమిరపకాయలతో, మినపపప్పుతో వేయించి పొడిచేసితిమి. ఉదయము అధికారి లోపలికి వచ్చి, రిఫ్రిజిరేటరు తెరచి, అరలన్నియు చూచి, పొడిడబ్బా మూతతీసి వాసనచూచెను. ఏమని అడిగెను, చెప్పితిమి. మూతపెట్టి తిరిగి యిచ్చెను. పరుపుక్రింద దొర్లిపోయిన ఒక ఉల్లిపాయ మాత్రము అతని చేతికి చిక్కినది.

సెడ్యూనా ఆలిచిప్పలకు పేరుపొందినది. మాంసాహారులు వానికొరకే అచ్చట ఒకదినము నిలుతురు. మేము తొట్టి నింపుకొని, వాడిననీటిని అందుకై ఏర్పరచిన గుంతలో పారబోసి, మరునాటి ఉదయము బయలుదేరి గోధుమచేల నడుమ 470 కిలోమీటర్లు పోయి సాయంకాలమునకు పోర్ట్ ఆగస్టా చేరితిమి. నార్స్‌మన్‌లో నింపిన డబ్బాలలో ఆరులీటర్ల నీరు ఇంకను మిగిలియుండెను. దానితో ఆ రాత్రి చారు కాచితిమి.